వసంతంలో తోట పనులు ఎలా చేసుకోవాలి, కలుపును మొలకలోనే ఎలా ఆపాలి?

చలి తగ్గి నేల వెచ్చబడే రోజుల్లో తోటలో రెండు పనులు ఒకేసారి మొదలవుతాయి. మడులు సిద్ధం చేయడం, కొమ్మలు కత్తిరించడం, విత్తడం, నారు నాటడం మనం పూనుకొని చేసేవి. అదే సమయంలో, మనం పిలవకుండానే, నేల పైపొరలో ఏళ్ళ తరబడి పడి ఉన్న కలుపు విత్తనాలు మేలుకొంటాయి. ఈ రెండింటిలో ఏది ముందడుగు వేస్తుందనే దానిని బట్టే ఆ ఏడాది తోట తీరు ఉంటుంది. కూరగాయ మొక్కలను మొలిచిన లేదా నాటిన తొలి 4 నుంచి 6 వారాల పాటు కలుపు లేకుండా కాపాడగలిగితే, ఆ తరువాత వాటి ఆకులే నేలకు నీడ పట్టి కొత్త కలుపును చాలావరకు అణచివేస్తాయి. ఆ తొలి వారాల్లో అశ్రద్ధ చేస్తే మాత్రం, తరువాత ఎంత శ్రమపడి పీకినా మొక్క కోల్పోయిన ఎదుగుదల పూర్తిగా తిరిగి రాదు. అందుకే వసంతకాలపు తోట పనిని, కలుపు నివారణను విడివిడిగా కాక ఒకే వరుసలో చేసుకుపోవాలి. ఏ పని ఎప్పుడు, ఎలా, ఎందుకు చేయాలో ఆ వరుసలోనే వివరిస్తాను.

ముందుగా తోటంతా తిరిగి చూడండి

పార పట్టుకునే ముందు ఒక కాగితం, పెన్సిలు తీసుకొని తోటంతా నెమ్మదిగా ఒకసారి తిరగండి. ఏ మడిలో ఏ కలుపు ఉందో రాసుకోండి. పేరు తెలియకపోయినా ఫరవాలేదు గాని, అది ఏ తీరుగా బతుకుతుందో మాత్రం తెలుసుకోవాలి. ముళ్ళతోటకూర, పాయలాకు, వయ్యారిభామ వంటివి ప్రధానంగా విత్తనం ద్వారా వ్యాపించే ఏకవార్షికాలు. వీటిని పూత రాకముందే తీసేస్తే ఆ మొక్కతో ఆ గొడవ తీరిపోతుంది. గరిక, తుంగ వంటి బహువార్షికాలు నేలలోపల కాండాలు, గడ్డలు దాచుకొని బతుకుతాయి. వీటిని పైన కోసినంత మాత్రాన ఏమీ కాదు. గాలిజేరు వంటివి లోతుగా తల్లివేరు దింపుతాయి. వేరు మెడ దగ్గర తెగి లోపల మిగిలిపోతే మళ్ళీ చిగురిస్తాయి. ఒక చోట పనికివచ్చిన పద్ధతి ఇంకో చోట వికటించడానికి కారణం చాలాసార్లు ఈ తేడాను గమనించకపోవడమే.

ఈ నడకలోనే, చలికాలంలో మొలిచి ఇప్పుడు పూతకు వచ్చిన కలుపు మొక్కలు కనబడితే, మిగతా పనులన్నీ పక్కన పెట్టి వాటిని ఆ రోజే తీసేయండి. తోటకూర జాతి కలుపుల్లో ఒక్క మొక్క నుంచి లక్షకు పైగా విత్తనాలు ఇవ్వగలిగినవి ఉన్నాయి. పీకేందుకు తీరిక లేకపోతే కనీసం పూల తలలనైనా కత్తిరించి ఒక సంచిలో వేసుకోండి. ఈ ఒక్క పనికి వారం ఆలస్యమైనా రాబోయే చాలా ఏళ్ళ కలుపును మన చేతులతో మనమే విత్తుకున్నట్టవుతుంది.

నేల పదునుకు వచ్చే దాకా ఆగండి

వసంతం రాగానే నేలను తవ్వాలనే ఆత్రం అందరికీ కలుగుతుంది. ఇక్కడ ఓపిక అవసరం. జానెడు లోతు నుంచి గుప్పెడు మట్టి తీసి గట్టిగా పిసికి ఉండ చేయండి. బొటనవేలితో నొక్కినప్పుడు ఆ ఉండ పొడిపొడిగా రాలిపోతే నేల పదునుకు వచ్చినట్టు. వేలిముద్ర పడి, జిగురుగా అణిగిపోతే ఇంకా తడి ఎక్కువగా ఉన్నట్టు. అలాంటి నేలను తవ్వినా, తొక్కినా మట్టిలోని గాలి ఖాళీలు మూసుకుపోయి, ఆరిన తరువాత అది గడ్డలు కట్టి, ఆ ఏడంతా వేళ్ళకు అడ్డుపడుతుంది. బంకమట్టి నేలల్లో ఈ నష్టం మరీ ఎక్కువ కనుక ఇంకో వారం ఆగినా నష్టం లేదు.

వేచి ఉండే ఈ రోజుల్లో కత్తిరింపుల పని పూర్తి చేసుకోవచ్చు. ఎండిన, విరిగిన, తెగులు సోకిన, ఒకదానితో ఒకటి రాసుకుంటున్న కొమ్మలను ముందుగా తీసేయండి. కొత్త చిగురు మీద వేసవిలో పూసే పొదలను మొగ్గలు విచ్చకముందే కత్తిరించాలి. వసంతంలోనే పూసే పొదలు మాత్రం తమ పూమొగ్గలను కిందటేడే సిద్ధం చేసుకొని ఉంటాయి కాబట్టి, వాటిని ఇప్పుడు ముట్టుకోకుండా పూత అయిపోయిన వెంటనే కత్తిరించాలి. కోత ఎప్పుడూ బయటి వైపు చూస్తున్న మొగ్గకు కాస్త పైన, ఏటవాలుగా ఉండాలి. పెద్ద కొమ్మను తీసేటప్పుడు అది మానును కలిసే చోట ఉండే ఉబ్బును గాయపరచకూడదు, ఎందుకంటే గాయం మానేది ఆ ఉబ్బు నుంచే. గులాబీ వంటి అంటుమొక్కల్లో అంటు కట్టిన చోటుకు కింది నుంచి వచ్చే పిలకలను మొదట్లోనే తుంచేయకపోతే, అవే బలిసి అసలు మొక్కను మింగేస్తాయి. తెగులు ఉన్న మొక్క నుంచి ఇంకో మొక్కకు వెళ్ళే ముందు కత్తెరను 70 శాతం ఆల్కహాలుతో తుడవడం మరచిపోకండి.

విత్తనాల నిల్వను లేపకండి, లేపితే వెంటనే అణచండి

కలుపు నివారణలో అన్నిటికన్నా ముఖ్యమైన విషయం ఇది. దీనిని అర్థం చేసుకున్నవారికి మిగతాదంతా సులువవుతుంది. ప్రతి తోట మట్టిలోనూ నిద్రపోతున్న కలుపు విత్తనాల నిల్వ ఒకటి ఉంటుంది. వాటిలో చాలా రకాలు కొన్నేళ్ళలోనే చచ్చిపోతాయి గాని, కొన్ని ఎంతకాలం బతికి ఉంటాయో ఊహించడం కష్టం. అమెరికాలోని మిషిగన్‌లో విలియం జేమ్స్ బీల్ అనే వృక్షశాస్త్రవేత్త 1879లో 21 రకాల మొక్కల విత్తనాలను తడి ఇసుకతో కలిపి, 20 సీసాల్లో నింపి భూమిలో పాతిపెట్టారు. ఆయన తరువాతి వారు కొన్నేళ్ళకొక సీసా చొప్పున తవ్వి తీసి, మొలకెత్తుతాయేమో పరీక్షిస్తూ వస్తున్నారు. 2021లో తీసిన సీసాలో కూడా కొన్ని విత్తనాలు మొలకెత్తాయి. అంటే 140 ఏళ్ళు దాటినా వాటి ప్రాణం పోలేదు.

ఈ నిల్వను మేలుకొలిపేది వెలుగు, గాలి, వెచ్చదనం, తడి. సన్నటి కలుపు విత్తనాల్లో చాలావాటికి మొలకెత్తాలంటే వెలుగు తగలాలి; నేలను తిరగవేసేటప్పుడు క్షణకాలం తగిలే వెలుగు కూడా కొన్నింటికి చాలు. పైగా ఇవి ఎక్కువగా పై 2 నుంచి 5 సెంటీమీటర్ల పొరలో ఉన్నప్పుడే పైకి రాగలుగుతాయి. లోతుగా తవ్విన ప్రతిసారీ అడుగున పడి ఉన్న విత్తనాలను మనమే ఆ పొరలోకి తెచ్చిపెడుతున్నామన్న మాట. అందువల్ల నేల మరీ గట్టిపడి ఉంటే తప్ప ఏటా లోతుగా తిరగవేయకండి. గట్టి చోట్ల గునపంతోనో, ముళ్ళ పారతోనో మట్టిని తలకిందులు చేయకుండా, కాస్త పైకి లేపి వదిలి గుల్లపరిస్తే సరిపోతుంది.

ఇక మడిలో విత్తే ముందు కలుపును మనమే కావాలని మొలిపించి చంపే పద్ధతిని తప్పక పాటించండి. విత్తాలనుకున్న రోజుకు రెండు మూడు వారాల ముందే మడిని పూర్తిగా సిద్ధం చేసి, పైన సమంగా చదును చేయండి. వాన లేకపోతే విత్తనాలు వేసిన మడికి పెట్టినట్టే నీళ్ళు పెట్టండి. 10 నుంచి 14 రోజుల్లో మడి మీద పచ్చటి పొర అలుముకుంటుంది. చాలామంది ఆ పచ్చదనం కనబడే దాకా ఆగుతారు. అంతకు రెండు మూడు రోజుల ముందే చేతికి పని చెప్పడం మేలు. మడి మీద కూర్చొని పై మట్టిని వేలితో మెల్లగా పక్కకు జరిపి చూడండి. ఆకులు ఇంకా విప్పుకోని మొలకలు తెల్లటి నూలుపోగుల్లా, వేలి గోరంత పొడవుతో, వంగిన మెడలతో కనిపిస్తాయి. ఆ దశలో వాటిని కదిపితే చాలు, గంటలోపే ఎండకు వాడి చచ్చిపోతాయి. అదే మొలక పది రోజులు ఆగితే దాన్ని వేరుతో సహా లాగవలసి వస్తుంది. నెల ఆగితే బొరిగె కావాలి. రెండు నెలలు ఆగితే దాని పిల్లలతో కూడా పోరాడవలసి వస్తుంది.

ఆ తెల్ల పోగులను తీసేందుకు పదునైన దోకుడు పారను మట్టికి దాదాపు సమాంతరంగా పట్టుకొని, 2 సెంటీమీటర్లకు మించని లోతులో చెక్కుకుంటూ వెళ్ళండి. లోతుకు దిగితే కొత్త విత్తనాలు పైకి వచ్చి, చేసిన పని వృథా అవుతుంది. సమయం ఉంటే మళ్ళీ తడిపి, ఇంకో విడత మొలిపించి చెక్కండి. ఆ తరువాత మట్టిని మళ్ళీ కదపకుండా, కావలసిన చోట మాత్రమే చిన్న చాళ్ళు తీసి విత్తండి. నారు నాటేటప్పుడు కూడా మొక్కకు సరిపడే గుంట మాత్రమే తీయండి. నా అనుభవంలో వసంతంలో చేసే పనులన్నింటిలో తక్కువ శ్రమతో ఎక్కువ ఫలితం ఇచ్చింది ఇదే.

ఎరువుతో పాటు కలుపును తెచ్చుకోకండి

బాగా మాగిన పశువుల ఎరువునో కంపోస్టునో మడి మీద 2 నుంచి 3 సెంటీమీటర్ల మందాన పరచండి. చదరపు మీటరుకు 20 నుంచి 30 లీటర్లు పడుతుంది. దానిని లోతుగా కలపనవసరం లేదు, వానపాములే కిందికి తీసుకుపోతాయి. అయితే ఆ ఎరువు నిజంగా మాగిందో లేదో చూసుకోండి. పశువులు తిన్న గడ్డిలోని గింజలు కడుపులో అరగకుండా పేడలో బయటికి వస్తాయి. కుప్ప లోపల వేడి 55 డిగ్రీల సెల్సియస్ దాటి కొన్ని రోజులు నిలిచి, మధ్యమధ్య తిరగవేసినప్పుడే వాటిలో ఎక్కువ భాగం చస్తాయి. ఇంటి కుప్పలు చిన్నవి కావడం వల్ల అంత వేడి సాధారణంగా పుట్టదు.

ఇంకో జాగ్రత్త కూడా ఉంది. వెడల్పాకు కలుపు కోసం పచ్చికబయళ్ళలో చల్లే కొన్ని మందులు గడ్డిలో, ఆ గడ్డి తిన్న పశువుల పేడలో కూడా నెలల తరబడి నిలిచి ఉంటాయి. అలాంటి ఎరువు వేస్తే టమాటా, చిక్కుడు మొక్కల లేత ఆకులు మెలితిరిగి ముడుచుకుపోతాయి. కొత్త చోటు నుంచి ఎరువు తెచ్చినప్పుడు ఒక కుండీలో దానిని మట్టితో కలిపి, ఇంకో కుండీలో ఆ ఎరువు లేని మట్టి నింపి, రెండింటిలోనూ చిక్కుడు గింజలు వేసి మూడు వారాలు గమనించండి. రెండు కుండీల మొక్కలూ ఒకేలా ఎదిగితేనే ఆ ఎరువును మడికి చేర్చండి.

నేల వెచ్చదనం చూసి విత్తండి

తేదీని బట్టి కాక నేల వేడిని బట్టి విత్తడం మంచిది. ఒక మామూలు థర్మామీటరును ఉదయం పూట 5 నుంచి 10 సెంటీమీటర్ల లోతులో ఉంచి వరుసగా కొన్ని రోజులు చూడండి. బఠాణీ, ముల్లంగి, పాలకూర వంటివి 7 నుంచి 10 డిగ్రీల దగ్గరే మొలుస్తాయి. టమాటా నారు నాటేందుకు నేల కనీసం 15 డిగ్రీలు దాటాలి. బెండ, దోస, సొర వంటివి 18 నుంచి 20 డిగ్రీలు వస్తే గాని సరిగా మొలవవు. చల్లటి నేలలో వేసిన గింజ మొలవక కుళ్ళుతుంటే, చలికి ఓర్చుకొనే కలుపు ఆ ఖాళీని ఆక్రమించుకుంటుంది. రాత్రిపూట మంచు గడ్డకట్టే ప్రాంతాల్లో ఆఖరి మంచు పోయే దాకా లేత నారును బయట నాటకూడదు. లోపల పెంచిన నారును వారం పది రోజుల పాటు రోజూ కాస్తకాస్త ఎక్కువసేపు బయట ఉంచుతూ, గాలికి ఎండకు అలవాటు చేశాకే నాటండి.

విత్తనాలను చల్లకుండా తిన్నటి వరుసల్లో వేయమని నేను గట్టిగా చెబుతాను. చల్లిన మడిలో ఏది మన మొక్కో, ఏది కలుపో తొలి రెండు వారాలు పోల్చుకోలేము. వరుసల్లో వేస్తే వరుస మధ్య ఉన్నదంతా అనుమానం లేకుండా చెక్కేయవచ్చు. క్యారెట్ వంటి ఆలస్యంగా మొలిచే విత్తనాలతో పాటు అక్కడక్కడ ముల్లంగి గింజలు వేస్తే, అవి నాలుగైదు రోజుల్లోనే మొలిచి వరుస ఎక్కడుందో చూపిస్తాయి. నీళ్ళు కూడా మడి అంతటా చిమ్మకుండా, వీలైతే డ్రిప్ గొట్టాలతో మొక్కల మొదళ్ళకే అందేలా చేయండి. వరుసల మధ్య నేల పొడిగా ఉన్నంతకాలం అక్కడి కలుపు విత్తనాలు నిద్ర లేవవు.

కలుపు తీయడంలో మెలకువ

చెక్కడానికి పొడి నేల కావాలి, పీకడానికి తడి నేల కావాలి. చిన్న మొలకలను దోకుడు పారతో చెక్కేటప్పుడు ఎండ బాగా కాసే రోజు ఉదయాన్ని ఎంచుకోండి, తెగిన మొలకలు సాయంత్రానికి ఎండిపోతాయి. మబ్బు పట్టిన రోజునో, తడి నేలలోనో చెక్కితే వాటిలో సగం మళ్ళీ వేళ్ళు దింపుతాయి. ఎదిగిన మొక్కలను మాత్రం వాన కురిసిన మరునాడో, నీళ్ళు పెట్టిన కొన్ని గంటలకో పీకండి. మొక్క మొదలును మట్టికి ఆనుకొని పట్టుకొని, విసురుగా కాక నెమ్మదిగా, నిలువుగా లాగండి. చేతికి వేరు కదలడం తెలుస్తుంది. కదలకుండా బిగిసి ఉంటే అక్కడే ఆగి, పక్కన సన్నటి బొరిగె దింపి మట్టిని వదులు చేసి తీయండి. విసురుగా లాగితే మెడ తెగి వేరు లోపల ఉండిపోతుంది.

పాయలాకు విషయంలో నేను చేసిన పొరపాటు మీరు చేయకండి. దట్టంగా పరచుకున్న పాయలాకు మొక్కలను ఒక ఉదయం పీకి, ఎండకు అవే పోతాయి కదా అని మడి పక్క బాట మీద కుప్పగా వదిలేశాను. వారం తరువాత చూస్తే, కుప్ప పైన ఉన్నవి వాడాయి గాని, అడుగున నేలకు తగిలినవి కాండం కణుపుల దగ్గర కొత్త వేళ్ళు వేసుకొని పచ్చగా ఉన్నాయి. అంతకన్నా దిగులు కలిగించింది ఏమిటంటే, చిన్న చిన్న కాయల మూతలు ఊడి, మిరియపు పొడిలాంటి నల్లటి గింజలు బాట నిండా రాలి ఉన్నాయి. దాని కండగల కాండంలో నిల్వ ఉన్న నీటితో, పీకిన తరువాత కూడా ఆ మొక్క కాయలను పండించుకోగలదు. అప్పటి నుంచి దానిని పీకుతూనే బుట్టలో వేసుకుంటున్నాను, ముక్క కూడా నేల మీద వదలడం లేదు.

వయ్యారిభామను తీసేటప్పుడు చేతి తొడుగులు, పొడుగు చేతుల చొక్కా, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. అది తగిలినవారిలో చాలామందికి చర్మం మీద దద్దుర్లు వస్తాయి, పుప్పొడి వల్ల ఊపిరి ఇబ్బంది కలగవచ్చు. ఒకసారి ఏమీ కాలేదని ధీమా పడకండి. పదేపదే తగిలాకే ఒంటికి పడకపోవడం మొదలవుతుంది. పూతకు రాకముందే, తడి నేలలో వేరుతో సహా తీసేయాలి. పులిచింతాకు కాయలు మాత్రం పండాక తాకితే చిట్లి గింజలను దూరంగా చిమ్ముతాయి కాబట్టి, దానికి కాయ కట్టకముందే చేయి వేయాలి. బంగారుతీగ ఏ మొక్కకు చుట్టుకుంటే ఆ మొక్క రసమే పీల్చి బతుకుతుంది. తీగను ఒక్కదాన్నే లాగితే తెగిన ముక్కలు మళ్ళీ అల్లుకుంటాయి కనుక, పట్టిన కొమ్మతో సహా కత్తిరించి తీసేయాలి.

గరిక, తుంగ: వీటికి వేరే పద్ధతి

ఈ రెండింటితో పోరు ఒక్క వసంతంలో తీరేది కాదు. అది ముందే తెలిస్తే నిరాశ ఉండదు. గరిక నేల మీద పాకే కాండాలతోనూ, నేల లోపల సాగే కాండాలతోనూ వ్యాపిస్తుంది. ప్రతి కణుపూ ఒక కొత్త మొక్క కాగలదు. దానిని పారతో నరికినా, యంత్రంతో దున్నినా ఒక మొక్కను పది ముక్కలుగా చేసి మడి అంతా నాటినట్టే. ముళ్ళ పారతో మట్టిని కింది నుంచి లేపి, లోపలి కాండం తెగకుండా ఒక చివర నుంచి రెండో చివర దాకా ఏరుకుంటూ వెళ్ళాలి. ఎండలు ముదిరేటప్పుడు ఈ పని చేస్తే, కంటికి చిక్కని ముక్కలు కూడా పైన పడి ఎండిపోతాయి. పక్కనున్న పచ్చిక నుంచి మడిలోకి పాకకుండా గట్టు వెంట 20 నుంచి 30 సెంటీమీటర్ల లోతున గట్టి రేకునో పలకనో నిలువుగా పాతి, పైన రెండు వేళ్ళ ఎత్తు కనబడేలా ఉంచండి. ఆ అంచు దాటి వచ్చే తీగలను వారానికోసారి కత్తిరించండి.

తుంగ సంగతి ఇంకా మొండిది. పైకి గడ్డిలా కనిపించినా అది గడ్డి కాదు. కాండాన్ని వేళ్ళ మధ్య తిప్పి చూస్తే మూడు పలకలు చేతికి తెలుస్తాయి. ఒక పిలక పక్కన జాగ్రత్తగా తవ్వి చూడండి. సన్నటి తీగ లాంటి వేరుకాండం ఒక నల్లటి గడ్డ దగ్గరికి, అక్కడి నుంచి ఇంకో గడ్డ దగ్గరికి పూసల దండలా సాగిపోతుంటుంది. పైన పీకినప్పుడు చేతికి వచ్చేది ఆకుల కుచ్చు మాత్రమే. దండ లోపలే ఉండి, అంతదాకా నిద్రపోతున్న గడ్డలు కూడా చిగురిస్తాయి. అలాగని పీకడం వ్యర్థం కాదు. మొక్కకు ఐదారు ఆకులు వచ్చాక కొత్త గడ్డలు పెట్టడం మొదలుపెడుతుంది కాబట్టి, అంతకు ముందే రెండు మూడు వారాలకోసారి విడవకుండా తీస్తూ ఉంటే, ఆకు వేసేందుకు గడ్డలోని నిల్వ ఖర్చవుతుందే తప్ప కొత్త గడ్డ ఏర్పడదు. ఒక్క విడత మానేసినా లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది. తవ్వగలిగిన చోట గడ్డలను ఏరి, బయట ఎండలో బాగా ఎండబెట్టండి, అవి ఎండకు తాళలేవు. తుంగ మొన పలచటి ప్లాస్టిక్ షీటును కూడా చీల్చుకొని రాగలదు, అందుకే ప్లాస్టిక్ పరచి నిశ్చింతగా ఉండకండి. గరికకు, తుంగకు ఉమ్మడిగా ఒక బలహీనత ఉంది: రెండూ నీడకు ఓర్చుకోలేవు. బాగా ఏరిన మడిలో తొలి ఏడాది వెడల్పాటి ఆకులతో నేలను కప్పే గుమ్మడి వంటి తీగనో, దట్టంగా పెరిగే బొబ్బర్లనో వేస్తే మీ పనిలో కొంత ఆ మొక్కలే చేసిపెడతాయి.

నేలను కప్పి ఉంచండి

ఖాళీగా ఉన్న నేల కలుపును పిలుస్తుంది. మొక్కలు బెత్తెడు ఎత్తు ఎదిగాక, నేల వెచ్చబడ్డాక, ఒకసారి కలుపు ఏరి బాగా తడిపి, ఎండాకులు, ఎండుగడ్డి, చెక్కపొట్టు వంటివి 5 నుంచి 8 సెంటీమీటర్ల మందాన పరచండి. దీనికన్నా పలచగా ఉంటే వెలుగు దూరి కలుపు మొలుస్తుంది. మరీ మందంగా ఉంటే చిన్న వానలకు నీరు వేళ్ళదాకా దిగదు. 10 చదరపు మీటర్ల మడికి 5 సెంటీమీటర్ల మందం కావాలంటే 500 లీటర్లు పడుతుందని లెక్కవేసుకొని ముందే పోగు చేసుకోండి. చెట్లకు, పొదలకు మొదలు చుట్టూ నాలుగైదు వేళ్ళ వెడల్పున ఖాళీ వదలాలి, లేకపోతే బెరడు నాని కుళ్ళుతుంది. పచ్చికోత గడ్డిని ఒకేసారి మందంగా వేస్తే వేడెక్కి ముద్ద కడుతుంది, పలచగా పొరలు పొరలుగా వేసుకోవాలి. తాజా రంపపు పొట్టును పైన పరచవచ్చు గాని మట్టిలో కలపకండి. అది కుళ్ళేటప్పుడు నేలలోని నత్రజనిని వాడుకొని మొక్కలను పసుపుపచ్చగా మారుస్తుంది.

కొత్తగా మడి చేయాలనుకున్న చోట పచ్చిక ఉంటే దానిని పొట్టిగా కోసి, ప్లాస్టిక్ టేపు తీసేసిన మామూలు అట్టలను జానెడు మేర ఒకదాని మీద ఒకటి ఎక్కేలా పరచి, తడిపి, పైన కంపోస్టు వేయండి. తరువాతి నెలల్లో కింది గడ్డి చచ్చి, అట్ట కూడా మట్టిలో కలిసిపోతుంది. ఎండలు తీవ్రమయ్యే నాటికి ఏ మడైనా ఖాళీగా ఉంటే, నేలను బాగా తడిపి, పారదర్శకమైన పలచటి పాలిథిన్ షీటును నేలకు అంటుకునేలా పరచి, అంచులను మట్టితో మూసి 4 నుంచి 6 వారాలు వదలండి. లోపలి వేడికి పైపొరలోని కలుపు విత్తనాల్లో చాలా భాగం నశిస్తుంది. తుంగ గడ్డలకు మాత్రం ఇది పూర్తి పరిష్కారం కాదు. షీటు తీశాక లోతుగా తవ్వితే కింది పొర విత్తనాలు పైకి వచ్చి, పడిన శ్రమ పోతుంది.

మందుల గురించి

ఇంటి తోటలో, ముఖ్యంగా తినే మొక్కల మధ్య, కలుపు మందు అవసరం చాలా అరుదని నా అభిప్రాయం. మొలకను అంతకన్నా తేలికగా వేలితో తీయవచ్చు. అయినా వాడదలచినవారు అవి ఎలా పనిచేస్తాయో తెలుసుకోవాలి. గ్లైఫోసేట్ పచ్చని ఆకుల ద్వారా లోపలికి పోయి వేళ్ళదాకా చేరి మొక్కను చంపుతుంది. అది కలుపుకు, మన మొక్కకు తేడా చూడదు, మొలవని విత్తనాల మీద పనిచేయదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో దానిని మనుషులకు బహుశా క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది; కొన్ని దేశాల నియంత్రణ సంస్థలు ఆ నిర్ణయంతో ఏకీభవించలేదు. 2,4-డి వెడల్పాకు మొక్కలను చంపుతుంది, గాలికి కొట్టుకువచ్చిన కొద్ది తుంపర కూడా టమాటా ఆకులను మెలితిప్పగలదు. పెండిమెథాలిన్ వంటివి మొలకెత్తకముందు వాడేవి, కాని అవి మనం వేసిన విత్తనాలను కూడా అడ్డుకోగలవు. పారాక్వాట్‌ను ఇంటి దరిదాపులకు రానివ్వకండి. పొరపాటున కడుపులోకి పోతే దానికి విరుగుడు లేదు. ఏ మందైనా సీసా మీది సూచనలను చదివి, అందులో రాసిన మొక్కలకే, రాసిన మోతాదులోనే, గాలి లేని వేళ, చేతి తొడుగులతో వాడాలి. మందును వేరే సీసాలోకి మార్చి ఉంచడం చాలా ప్రమాదకరం.

వంటింట్లోని వెనిగర్‌లో సుమారు 5 శాతం ఆసిటిక్ ఆమ్లం ఉంటుంది. అది లేత మొలకల ఆకులను మాడ్చగలదు గాని వేరును ఏమీ చేయలేదు. ఉప్పు చల్లమనే సలహా తరచుగా వినిపిస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. ఉప్పు కలుపుతో పాటు నేలనూ పాడుచేస్తుంది, వాన నీటితో పక్క మడులకు కూడా చేరుతుంది. బాట రాళ్ళ సందుల్లో మొలిచే గడ్డికి మరిగే నీళ్ళు జాగ్రత్తగా పోయడం చాలు. వేళ్ళు లోతున్న వాటికి రెండు మూడు సార్లు పోయవలసి ఉంటుంది.

పీకిన కలుపును ఏం చేయాలి?

పూత, కాయ లేని లేత కలుపును నిశ్చింతగా కంపోస్టు కుప్పలో వేయవచ్చు, లేదా, అది పాయలాకు కాకపోతే, ఎండ రోజున మడిలోనే మొక్కల మధ్య పరచవచ్చు. గింజ కట్టినవాటిని, గరిక కాండాలను, తుంగ గడ్డలను, బంగారుతీగను నేరుగా కుప్పలో వేయకండి. వాటిని ఒక నల్లటి ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి, ఎండ తగిలే చోట కొన్ని నెలలు ఉంచండి, లేదా మూత ఉన్న డ్రమ్ములో నీళ్ళు పోసి పూర్తిగా కుళ్ళేదాకా నానబెట్టండి. గరిక, తుంగ పనులకు వాడిన పారకు, చెప్పులకు అంటిన మట్టిని శుభ్రమైన మడిలోకి వెళ్ళే ముందు దులపండి. దుకాణం నుంచి తెచ్చిన మొక్కల కుండీల్లో కూడా తుంగ పిలకలు, పులిచింతాకు మొలకలు తరచుగా వస్తుంటాయి. నాటే ముందు కుండీ మట్టి పైపొరను రెండు వేళ్ళ మందాన తీసి పారేయడం మంచి అలవాటు.

ఇక తోటలో ఒక్క కలుపు మొక్క కూడా ఉండకూడదన్న పట్టుదల అక్కరలేదు. కంచె వెంట, చెట్ల కింద మొలిచిన చిన్న పూల మొక్కలు తేనెటీగలకు తొలి వసంతంలో ఆహారమవుతాయి. వాటిని పూయనిచ్చి, గింజ ముదరకముందు కోసేస్తే చాలు. కూరగాయ మడుల్లో మాత్రం రాజీపడకండి. నెలకొకసారి రోజంతా వంగి కలుపు తీయడం కన్నా, తొలి ఆరు వారాల పాటు రెండు మూడు రోజులకోసారి 15 నిమిషాలు దోకుడు పారతో మడుల చుట్టూ తిరగడం ఒంటికీ, మొక్కలకూ మేలు. దోకుడు పార అంచును ప్రతిసారీ ఆకురాయితో నాలుగు సార్లు సానపట్టి బయలుదేరండి; మొద్దుబారిన పార మొలకను తెంపకుండా మట్టిలోకి తోసేస్తుంది, అది మూడో రోజుకు మళ్ళీ తలెత్తుతుంది.